మనోవ్యాధికి మందుంది

(సొసైటీ వార్షిక సమావేశంలో ఆరోగ్య విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడాదీ ఆరోగ్య విభాగం వాళ్ళం ఈ మైకు ముందుకొచ్చి ఎన్ని శిబిరాలు పెట్టాం, ఎంతమందికి బీపీ, షుగరు చూశాం, ఎన్ని కళ్ళజోళ్ళు పంచాం అని లెక్క చెప్పి దిగిపోతాం. ఆ లెక్కంతా నివేదికలో అచ్చయింది, ఇంటికెళ్ళి తీరిగ్గా చూసుకోండి. ఈసారి మా లెక్కల్లోకి ఎన్నడూ రాని ఒక జబ్బు గురించి మాట్లాడాలని వచ్చాం. దాని పేరు డిప్రెషన్. మన తెలుగులో కుంగుబాటు అంటారు. దాని గురించి చెప్పేముందు మావల్ల జరిగిన ఒక తప్పు మీ ముందు ఒప్పుకోవాలి.

మూడేళ్ళ క్రితం మాట. రంజాన్ కిట్ల పంపిణీలో ఏళ్ళ తరబడి మాతో పనిచేసిన ఒకాయన ఉన్నారు. ఏ వీధిలో ఎవరింట్లో ఎంతమంది ఉన్నారో నోటిమీద చెప్పేవారు. అలాంటి మనిషి మెల్లగా రావడం తగ్గించారు. ఫోన్ చేస్తే ఒంట్లో బాగాలేదన్నారు. మేం నలుగురం చూడటానికి వెళ్ళాం. గడ్డం మాసిపోయి, మనిషి సగమైపోయి ఉన్నారు. రాత్రి మూడింటికే మెలకువ వచ్చేస్తోందని, అన్నం సయించడం లేదని, ఏ పని చెయ్యబుద్ధి కావడం లేదని, బతికి ఎవరికి ఉపయోగమనిపిస్తోందని చెప్పారు. ఆ చివరి మాట మా నలుగురి చెవినా పడింది. మేమేమన్నామో తెలుసా? "అంత దిగులెందుకు భాయ్, ధైర్యం తెచ్చుకోండి. నమాజు వదలకండి, అంతా సర్దుకుంటుంది" అన్నాం. టీ తాగి, దువా చేసి వచ్చేశాం.

ఆయన నమాజు వదల్లేదు. సజ్దాలో ఏడుస్తున్నారని భాభీ తర్వాత చెప్పింది. మేం వెళ్ళొచ్చిన రెండు వారాలకు ఆయన ప్రాణం తీసుకోబోయారు. తమ్ముడికి సమయానికి మెలకువ రావడంతో, అల్లాహ్ దయవల్ల బతికారు. ఆసుపత్రిలో మమ్మల్ని చూసి ఆయన అన్న మొదటి మాట ఇది: "నాకు గుండెనొప్పి వచ్చిందంటే ఇట్లాగే దువా చేసి వెళ్ళిపోయేవాళ్ళా, ఆటో ఎక్కించేవాళ్ళా?"

మా దగ్గర జవాబు లేదు. దువా చేయడం తప్పు కాదు. దువా చేసి, ఆటో ఎక్కించకపోవడం తప్పు. ఆయన అనుమతితోనే, పేరు చెప్పకుండా, ఈ సంగతి మీ ముందు పెడుతున్నాం.

"మనోవ్యాధికి మందు లేదు" అని మనకొక సామెత ఉంది. మన పెద్దలు చాలా సామెతలు నిజమే చెప్పారు గానీ ఇది మాత్రం ఈ రోజుల్లో నిజం కాదు. ఈ వ్యాధికి మందుంది. మాత్రల రూపంలో ఉంది, మాటల రూపంలో ఉంది, రోజూ చేసే చిన్న చిన్న పనుల రూపంలోనూ ఉంది. ఆ మూడూ ఎలా పనిచేస్తాయో తెలియకనే చాలామంది మధ్యలో వదిలేస్తున్నారు.

ముందు జబ్బును గుర్తుపట్టడం నేర్చుకుందాం. మనిషన్నాక దిగులుంటుంది. ఇంట్లో ఒకరు పోతే, వ్యాపారం దెబ్బతింటే, కూతురి సంబంధం తప్పిపోతే ఏడుపు రావడం జబ్బు కాదు. ఆ దిగులులో కూడా మధ్యమధ్య మనవడు నవ్వితే మనమూ నవ్వుతాం. డిప్రెషన్‌లో ఆ నవ్వు రాదు. రోజులో ఎక్కువసేపు మనసు కుంగిపోయి ఉండటం, ఇదివరకు ఇష్టమైనవేవీ రుచించకపోవడం, ఈ రెండింట్లో ఏదో ఒకటి కనీసం రెండు వారాలు వదలకుండా ఉండి, దానితోపాటు నిద్ర, ఆకలి తారుమారు కావడం, నీరసం, మతిమరుపు, నేనెందుకూ పనికిరాననే భావన, చావు ఆలోచనలు తోడైతే డాక్టర్లు దాన్ని డిప్రెషన్ అంటారు.

మన ఇళ్ళల్లో అది వేరే వేషాల్లో వస్తుంది. శిబిరానికి వచ్చే ఆడవాళ్ళు "మనసు బాగాలేదు" అనరు. తలనొప్పి, నడుం నొప్పి, గ్యాసు, గుండెదడ అంటారు. అన్ని పరీక్షలూ మామూలుగానే వస్తాయి. మగవాళ్ళలో అది కోపంగా బయటపడుతుంది, దుకాణం తెరవడానికి బద్ధకంగా బయటపడుతుంది. కాన్పైన తల్లి బిడ్డను ఎత్తుకోవడానికి ఇష్టపడకపోతే "ఎవరి నజర్ తగిలిందో" అనుకుంటాం. తావీజు కట్టిస్తాం, దర్గాకు తీసుకెళ్తాం. ఎవరి నమ్మకం వాళ్ళది, దాని జోలికి మేం పోం. తావీజు కట్టిన చేతిని పట్టుకునే డాక్టరు దగ్గరకు కూడా తీసుకురండని మాత్రం అడుగుతాం.

బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ 12లో లేవు గానీ, ఫలితం మనకూ వర్తించేదే. పెద్దవాళ్ళలో ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ పాలైనవారే. అలాంటివారిలో నూటికి 80 మందికి పైగా చికిత్స అందడం లేదు. ఈ హాల్లో ఉన్న కుర్చీలను ఇరవైతో భాగించుకోండి, సంగతి అర్థమవుతుంది.

చికిత్స ఎందుకు అందడం లేదు? సిగ్గు ఒక కారణం. తెలివితక్కువ పని చేసిన వాణ్ణి చూసి "ఎర్రగడ్డకు పంపాలి" అని నవ్వుతాం. విశాఖ వైపైతే చినవాల్తేరు పేరు చెబుతారు. పిల్లల ముందు ఇన్నేళ్ళు అలా నవ్వాక, అవసరం వచ్చిన రోజున మనలో ఎవరం ఆ గడప తొక్కగలం? రెండో కారణం, ఇది ఈమాన్ తక్కువైనవాళ్ళకు వచ్చే జబ్బనే అపోహ. వెయ్యేళ్ళకు పూర్వమే బల్ఖ్ ప్రాంతానికి చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు (మరణం 934) శరీర ఆరోగ్యాన్నీ మనసు ఆరోగ్యాన్నీ కలిపి ఒకే గ్రంథం రాశాడు. కారణం తెలిసిన దుఃఖం వేరు, ఏ కారణమూ కనిపించకుండా కమ్ముకునే దుఃఖం వేరని, రెండోదానికి మూలం శరీరంలో ఉంటుందని, దానికి శరీరానికి చేసే వైద్యం కూడా అవసరమని చెప్పాడు. అంత పెద్ద ఆలిం ఈమాన్ మాట ఎత్తి రోగిని నిందించలేదు, వైద్యం చెప్పాడు. మనం ఆయన కన్నా గొప్పవాళ్ళం కాము.

ఇక మందుల సంగతి. ఈ మందులు దొరికిన తీరు విచిత్రమైనది. 1952లో న్యూయార్కులోని ఒక క్షయ ఆసుపత్రిలో రోగులకు కొత్త మందొకటి ఇచ్చి చూస్తుంటే, మంచాల మీద నీరసంగా పడి ఉన్నవాళ్ళు ఒక్కసారిగా హుషారయ్యారు. మందు మనసు మీద కూడా పనిచేస్తోందని డాక్టర్లకు అలా తెలిసింది. అప్పటినుంచి ఎన్నో మందులు వచ్చాయి. 1987 చివర్లో అమెరికాలో ఫ్లూఒక్సెటిన్‌కు అనుమతి వచ్చాక వాడకం తేలికైంది. ఇప్పుడు మన డాక్టర్లు మొదట ఎక్కువగా రాసేవి ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లూఒక్సెటిన్ లాంటివి. ఇవి జనరిక్ మందులుగా జన ఔషధి దుకాణాల్లో తక్కువ ధరకు దొరుకుతాయి. డబ్బు లేక మానేయాల్సినంత ఖరీదైనవి కావు.

డిప్రెషన్ తేలికగా ఉంటే అందరికీ మాత్రలు అక్కర్లేదు. కౌన్సెలింగు, దినచర్యలో మార్పులతోనే చాలామంది కోలుకుంటారు. మధ్యస్థంగానో తీవ్రంగానో ఉంటే మాత్రలు కావాలి. ఏది ఎంతో తేల్చాల్సింది డాక్టరు. థైరాయిడ్ తగ్గినా, రక్తం తగ్గినా, బి12 విటమిన్ లోపించినా ఇలాంటి లక్షణాలే రావచ్చు కనుక ముందు ఆ రక్తపరీక్షలు చేయిస్తారు. గతంలో ఎప్పుడైనా రోజుల తరబడి నిద్ర లేకుండా మితిమీరిన ఉత్సాహంతో, విపరీతమైన ఖర్చులతో గడిపిన రోజులుంటే అది తప్పకుండా చెప్పండి. అది బైపోలార్ అనే వేరే జబ్బు కావచ్చు. దానికి డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే మేలు కన్నా కీడు జరగవచ్చు. అందుకే పక్కింటివాళ్ళ చీటీ చూపించి మెడికల్ షాపులో కొనుక్కోవద్దంటాం.

మాత్రల విషయంలో చాలామంది రెండు చోట్ల తప్పటడుగు వేస్తున్నారు.

మొదటిది, మొదలుపెట్టిన పది రోజుల్లో. తలనొప్పి మాత్ర వేసుకుంటే గంటలో తగ్గుతుంది. ఇది అలాంటిది కాదు. గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, బాగా పట్టడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. దుష్ఫలితాలు మాత్రం మొదటి వారమే వస్తాయి: కడుపులో వికారం, తలనొప్పి, కొంచెం అలజడి, నిద్రలో తేడా. అంటే మేలు కంటే ముందు కష్టం కనిపిస్తుంది. రోగి "ఇది నాకు పడలేదు" అని పారేస్తాడు. ఆ వికారం చాలామందికి ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతుంది. కొందరికి దాంపత్య జీవితంలో ఇబ్బంది రావచ్చు. సిగ్గుపడి మందు మానేయకుండా డాక్టరుకు చెబితే మోతాదో మందో మారుస్తారు. పాతికేళ్ళ లోపు పిల్లలకు మొదలుపెట్టినప్పుడు తొలి వారాల్లో చావు ఆలోచనలు పెరుగుతున్నాయేమో ఇంట్లోవాళ్ళు కనిపెట్టుకుని ఉండాలి, పెరిగితే వెంటనే డాక్టరును కలవాలి. మొదటి మందు అందరికీ సరిపడదు. ఒకటి పనిచేయకపోతే మరొకటి ఉంటుంది.

రెండో తప్పటడుగు, బాగైన తర్వాత. "ఇప్పుడు బాగున్నానుగా, ఇంకెందుకు?" అని ఆపేస్తారు. పూర్తిగా కోలుకున్నాక కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు అదే మోతాదు కొనసాగించాలి. మళ్ళీ మళ్ళీ వచ్చిన వాళ్ళకు ఇంకా ఎక్కువ కాలం కావాలి. ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్లు మెల్లమెల్లగా తగ్గించాలి. ఒక్కసారిగా ఆపితే కళ్ళు తిరగడం, చిరాకు, ఒళ్ళు జలదరించడం లాంటివి వస్తాయి. వాటిని చూసి "చూశారా, అలవాటైపోయింది" అంటారు. రోజురోజుకూ మోతాదు పెంచుకుంటూ దానికోసం వెంపర్లాడే వ్యసనం వీటితో రాదు. అలవాటు పడే ప్రమాదమున్నవి అల్ప్రాజోలామ్ లాంటి నిద్ర మాత్రలు. విచిత్రమేమంటే మన ఇళ్ళల్లో డిప్రెషన్ మాత్రకు భయపడతారు, నిద్ర మాత్రను ఏళ్ళ తరబడి మింగుతారు. గల్ఫ్‌కు వెళ్ళే పిల్లలకు ఒక మాట: అక్కడ కొన్ని నిద్ర మాత్రల మీద గట్టి నిబంధనలున్నాయి. డాక్టరు చీటీ లేకుండా, నియమాలు కనుక్కోకుండా ఏ మాత్రా సూట్‌కేసులో పెట్టుకోకండి.

రంజాన్ సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన దగ్గర మాత్రలు ఆగిపోయేది ఎక్కువగా ఆ నెలలోనే. రోజా ఉండాలని మాత్ర మానేస్తారు, ఈద్ అయ్యేసరికి జబ్బు తిరగబెడుతుంది. రోజుకు ఒక్కసారి వేసుకునే మాత్రనైతే చాలామందికి ఇఫ్తార్ తర్వాతకో సహరీ వేళకో మార్చవచ్చు. నెల మొదలవడానికి ముందే వెళ్ళి డాక్టరును అడగండి. బైపోలార్ జబ్బుకు లిథియం వాడేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో ఆ మందు శాతం పెరిగి విషమవుతుంది. రోగులకు రోజా విషయంలో సడలింపు ఉందని మనకందరికీ తెలుసు. షుగరు రోగికి ఆ సడలింపు ఉందని ఒప్పుకుంటాం గానీ మనసు జబ్బున్నవాళ్ళను "నీకేమైంది, గుండ్రాయిలా ఉన్నావు" అంటాం. ఈ విషయం జుమా బయానుల్లో ఒక్కసారైనా ప్రస్తావించమని ఇమాం సాహెబులను ఈ వేదిక మీదినుంచి వేడుకుంటున్నాం.

ఇక దినచర్య. "కొంచెం తిరిగి రా, పార్కుకు వెళ్ళు, మంచి ఆలోచనలు చెయ్యి" అని సలహా ఇవ్వడం తేలిక. మంచం దిగడమే కొండెక్కినట్లున్న మనిషికి ఆ మాటలు తిట్లలా తగులుతాయి. మన భాయ్ విషయంలో ఏం జరిగిందో చెబుతాం. మందు మొదలై మూడో వారం నడుస్తుండగా కౌన్సెలరు భాభీకి ఒక చిన్న పని చెప్పింది. పొద్దున్నే పాలపాకెట్ ఇంటికి తెప్పించుకోకుండా, ఆయన్నే వీధి చివరిదాకా పంపమంది. అంతే. మొదటి రోజు ఆయన చెప్పులు వేసుకోవడానికి అరగంట పట్టింది. వారం తర్వాత పాలతో పాటు కూర కూడా తెచ్చారు. ఆ తర్వాత ఫజర్ నమాజుకు మస్జిద్‌కు వెళ్ళి, వచ్చేటప్పుడు చుట్టు తిరిగి రావడం మొదలైంది. మనసు బాగైతే పని చేస్తామని మనం అనుకుంటాం. ఈ జబ్బులో అది తిరగబడుతుంది. మనసు బాగాలేకపోయినా ఒక చిన్న పని చేస్తే, మనసు వెనకాల మెల్లగా వస్తుంది.

ఇది మా సొంత కవిత్వం కాదు. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్ళకు ఇదే పద్ధతిని ఆరు నుంచి ఎనిమిది విడతల్లో నేర్పించి చూశారు. నేర్పింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మామూలు మనుషులు. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళలో మూడు నెలలకు సుమారు 39 శాతం మంది కోలుకుంటే, ఈ పద్ధతి కూడా తోడైనవాళ్ళలో సుమారు 64 శాతం మంది కోలుకున్నారు. ఈ ఫలితాలు 2017లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చాయి. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో 1999లో యాభై ఏళ్ళు దాటిన 156 మందిని మూడు జట్లుగా చేసి పదహారు వారాలు చూశారు. ఒక జట్టుకు వ్యాయామం, ఒక జట్టుకు సెర్ట్రాలిన్, ఒక జట్టుకు రెండూ. చివరికి మూడు జట్లూ దాదాపు సమానంగా బాగుపడ్డాయి. ఇది విని రేపే మాత్రలు పారేయకండి. అక్కడ వ్యాయామం పర్యవేక్షణలో, వారానికి మూడుసార్లు, తప్పకుండా చేయించారు. నడక కూడా మాత్ర లాంటిదే, క్రమం తప్పకుండా చేయాలని దీన్నిబట్టి తెలుసుకోవాలి.

మన ఇళ్ళకు తగ్గట్టు నాలుగు మాటలు. బయట నడవడానికి వీలులేని ఆడవాళ్ళు డాబా మీద పొద్దుటి ఎండలో అరగంట నడవండి. రాత్రి ఎప్పుడు పడుకున్నా పొద్దున ఒకే వేళకు లేవండి. మధ్యాహ్నం నిద్ర తగ్గించండి. సాయంత్రం దాటాక టీలు మానండి. ఫోను పక్కగదిలో పెట్టండి. పప్పు, ఆకుకూర, గుడ్డు, చేప, పండు లాంటి మామూలు ఇంటి తిండి వేళకు తినండి. మత్తు పదార్థాలు, గుట్కా దిగులును కాసేపు కప్పి తర్వాత రెట్టింపు చేస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, మనిషిని ఒంటరిగా వదలకండి. పెళ్ళికి రాలేనంటే బలవంతపెట్టకండి, మీరే వెళ్ళి పది నిమిషాలు పక్కన కూర్చోండి.

మాత్ర ఒక్కటే వేసుకుని గదిలో పడుకుంటే సగం మేలే జరుగుతుంది. జబ్బు ముదిరినవాళ్ళను మాత్ర లేకుండా నడవమంటే నడవలేరు. మాత్ర మనిషిని నిలబెడుతుంది, దినచర్య నడిపిస్తుంది, ఇంటివాళ్ళు పడిపోకుండా పట్టుకుంటారు. మూడూ ఉండాలి.

చివరగా అతి ముఖ్యమైన సంగతి. ఎవరైనా "బతికి ఏం లాభం" అంటే మాలాగా టీ తాగి వచ్చేయకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా, ప్రేమగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అడిగినందుకు గుండె బరువు దిగుతుంది. అవునంటే ఆ మనిషిని ఒంటరిగా ఉంచకండి, ఇంట్లో ప్రమాదకరమైనవి తీసేయండి, మాత్రలు మీ దగ్గర పెట్టుకోండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ ఉచిత ఫోను 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. పోలీసు కేసవుతుందని భయపడి దాచకండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, శిక్షించకూడదు. ఆరోగ్య బీమా కూడా మిగతా జబ్బులతో సమానంగా వీటికి ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది.

ఈ ఏడాది నుంచి మా విభాగం మూడు పనులు మొదలుపెడుతోంది. శిబిరంలో బీపీ చూసేటప్పుడే నిద్ర గురించి, మనసు గురించి రెండు ప్రశ్నలు అడుగుతాం. అవసరమైన వాళ్ళను జిల్లా ఆసుపత్రి మానసిక వైద్యుడి దగ్గరకు మా మనిషిని తోడిచ్చి పంపుతాం, దారి ఖర్చులు సొసైటీ భరిస్తుంది. మందు మొదలుపెట్టిన వాళ్ళకు పదో రోజున, నలభయ్యో రోజున, రంజాన్‌కు ముందు ఫోన్ చేస్తాం. ఎందుకు ఆ రోజులే అన్నది ఇప్పటిదాకా విన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. దీనికి చందా అడగడం లేదు. వారానికి రెండు గంటలు ఇవ్వగలిగే, విన్నమాట బయట చెప్పని మనుషులు కావాలి. ముఖ్యంగా ఆడవాళ్ళు కావాలి. పేర్లు బయట బల్ల దగ్గర ఇవ్వండి.

మన భాయ్ ఏమయ్యారని అడుగుతారు. ఏడాదిన్నర మాత్రలు వాడారు. డాక్టరు చెప్పినట్లే తగ్గించి ఆపారు. మధ్యలో ఒకసారి మళ్ళీ నిద్ర తప్పితే దాచుకోకుండా వెంటనే వెళ్ళి చూపించుకున్నారు. ఫజర్ తర్వాత నడక మానలేదు. పోయిన రంజాన్‌లో మళ్ళీ కిట్ల జాబితా రాశారు. ఈ రోజు ఈ హాల్లో మీకు కుర్చీలు వేయించిన వాళ్ళలో ఆయనా ఉన్నారు. ఎవరో చెప్పం, మీరు వెతకొద్దు. మీ వీధిలో రావడం తగ్గించిన మనిషి ఎవరున్నారో మాత్రం ఇంటికెళ్ళేటప్పుడు గుర్తుచేసుకోండి. ఈ సాయంత్రమే ఒకసారి వాళ్ళ తలుపు తట్టండి.

అల్లాహ్ మనందరికీ ఆరోగ్యం, ఒకరినొకరు పట్టించుకునే మనసు ప్రసాదించుగాక. ఆమీన్.